కొరికిన ముక్క

అక్టోబర్ 9. మంచు కురుస్తోంది. పొయ్యిలో బూడిద ఎత్తాను.

ఓట్సు, అక్రోటు పప్పు, దంచిన ఎండుపెరుగు ఉండలు తేనెతో కలిపి బిళ్ళలుగా కాల్చాను. మా అమ్మాయి బెగిమాయ్ కొండెక్కేటప్పుడు బలానికి ఇవే తీసుకెళ్తుంది.

ఈసారీ మా ఆనవాయితీ ప్రకారం ఒకటి కొరికి వెళ్ళింది. మిగిలిన ముక్క తిరిగొచ్చి తినాలి. అది గోడకు వేలాడుతూనే ఉంది.

"ఎవరికివి? అమ్మాయిని వెతకబోయినవాళ్ళు పొద్దునే దిగొచ్చేశారు. ఇక ఎక్కరట," అంది మా ఆవిడ.

"నాకు."

"కొట్టం దాకా వెళ్ళడానికే మోకాళ్ళు పట్టుకుంటారు. కొండెక్కుతారా మీరు?"

నేను సంచి కట్టాను. అడ్డుపడుతుందనుకున్నాను. ఒక బిళ్ళ తెచ్చి నా నోటికందించింది.

"కొరకండి."

కొరికాను. మిగిలింది గుడ్డలో చుట్టి, అమ్మాయి ముక్క పక్కనే వేలాడదీసింది.

గొర్రెలకు మేత తనే వేస్తానంది.