పల్లంరాజు వార్డు

“ఆయనకి వెయ్యకండే. ఈ ఒక్కసారికి బేబీకి వెయ్యండి.”

లోవలక్ష్మి ఆ మాట అనగానే చేప పొలుసు తీస్తున్న రాణి చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్లి గబగబా పెరటి తలుపు మూసొచ్చింది.

“ఏంటక్కా ఆ మాటలు? ఎవరైనా వింటే?”

“వినాలనే కదే చెబుతున్నాను.”

రాణి ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

“అర్థమైందిలే. మా ఓట్లు ఎటు పోతాయో చూసిపోదామని వచ్చావు. మా ఇంట్లో నాలుగూ పల్లంరాజుగారికే. రాసుకో.”

రాజమండ్రి శివార్లలో, కాలవ గట్టు పక్కన ఉంటుంది ఆ వార్డు. పంచాయతీగా ఉన్న రోజుల్లో పల్లంరాజు తాత ప్రెసిడెంటు. తర్వాత తండ్రి. ఊరు పట్టణంలో కలిసిపోయాక పల్లంరాజు. జెండా రంగు మారింది, గుర్తు మారింది, రాష్ట్రంలో ప్రభుత్వాలు మారాయి. వార్డు మాత్రం మారలేదు. అవతలి పార్టీకి నిలబడే మనిషి దొరకడమే కష్టం. పోయినసారి వీరబాబును బతిమాలి నిలబెట్టారు. అతనికి పడిన ఓట్ల కంటే అతని గృహప్రవేశానికి వచ్చిన జనమే ఎక్కువని టీకొట్టు దగ్గర ఇప్పటికీ నవ్వుకుంటారు. వీరబాబు కూడా నవ్వుతాడు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. వార్డులో సగం ఇళ్లు చేపల మీద బతుకుతాయి. చేపకు ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ పల్లంరాజుది. పొద్దున్నే అరువు మీద ఐసు ఇచ్చే మనిషిని కాదని ఇంకెవరికి వేస్తారు?

ఈసారి ఎవరిని అడిగినా పోటీ పల్లంరాజుకీ, టైలరు బేబీకీ అనే చెప్పారు. పోటీ అనడం కూడా బేబీ మీది మర్యాద కొద్దీ.

లోవలక్ష్మికి కావలసింది ఒక్కటే. అంగన్‌వాడీ ముందున్న మురుగు కాలవకు మూత. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పల్లంరాజు వేయిస్తానంటాడు. గెలుస్తాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తడు. ఎలాగూ గెలిచేవాడికి గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఏముంది? పోయిన వానాకాలం రాణి కూతురు పావని అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పుడు బేబీ కుట్టుమిషను పక్కన పెట్టి, మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని మరీ అర్జీ ఇచ్చి వచ్చింది. ఆ మనిషి గెలిస్తే మూత పడుతుంది.

“పావని కాలు అప్పుడే మర్చిపోయావా?” అంది లోవలక్ష్మి.

“ఎలా మర్చిపోతానక్కా! ఆసుపత్రి ఖర్చంతా పల్లంరాజుగారే పెట్టుకున్నారు. కారులో తీసుకెళ్లారు కూడాను.”

“మూత ఉంటే అసలు పడేదే కాదు కదే!”

“మూత ఉంటే ఆయన కారు మేమెప్పుడు ఎక్కుతాం?” అని రాణి మళ్లీ నవ్వింది.

వలలు బాగుచేసే తాతాజీ ఇంకా జాగ్రత్తపరుడు. చెప్పినంతసేపూ తలవంచుకుని విన్నాడు. చివరికి రెండు చేతులూ జోడించాడు.

“అమ్మాయ్, ముసలాణ్ణి, నన్ను ఇరికించకు. నువ్వు వచ్చి బేబీకి వెయ్యమన్నావంటే నేను ఎవరికి వెయ్యాలో నాకు బాగా తెలిసొచ్చింది.”

“ఏం తెలిసొచ్చింది బాబాయ్?”

“వేశాక చెబుతాలే.”

మగవాళ్లు రేవుకు వెళ్లే వేళ చూసుకుని, లోవలక్ష్మి పెరటి దారుల్లో ఇల్లిల్లూ తిరిగింది. అందరూ పీట వేశారు. టీ ఇచ్చారు. అలాగేనంటూ తల ఊపారు. ఒకరిద్దరు కన్ను కూడా గీటారు. ఈసారి ఏదో జరిగేట్టే ఉందని ఆమెకు ఆశ పుట్టింది.

పోలింగు రోజున ఆ ఆశ రెట్టింపయింది. వార్డులో ఇంత పొడుగు వరస ఎప్పుడూ లేదు. మంచానపడ్డవాళ్లను కూడా ఆటోల్లో దింపారు. ఓటేసి వచ్చినవాళ్లు వచ్చినట్టు లోవలక్ష్మికి సిరా వేలు ఎత్తి చూపించారు. తాతాజీ అయితే పోలింగ్ బూత్ గేటు దగ్గర నిలబడి, దూరం నుంచే వేలు ఆడించాడు. ఆమె కూడా నవ్వుతూ తల ఊపింది.

లెక్కింపు నాడు ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒకవైపు ఓట్ల కట్టలు పేరుకుపోతున్నాయి. బేబీ వైపు బల్ల కనిపిస్తోంది. తాత కాలం నుంచి చూసినా ఆ ఇంటికి ఇంత మెజారిటీ ఎన్నడూ రాలేదు.

“దీనికంటే మన వీరబాబే నయం,” అన్నారెవరో.

గోడకు ఆనుకుని నిలబడ్డ లోవలక్ష్మి దగ్గరికి బేబీ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“నువ్వు నాకోసం తిరక్కుండా ఇంట్లో కూర్చుని ఉంటే, ఇంకో వంద పడుండేవి వదినా.”

ఓడిపోయిన మనిషే అంత హాయిగా నవ్వుతుంటే లోవలక్ష్మికీ నవ్వాగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మరి మూత సంగతేంటి బేబీ?”

“ఏముంది, గెలిచినోళ్లనే అడగాలి.”

బయట డప్పులు మొదలయ్యాయి. మెడ నిండా దండలతో పల్లంరాజు ఎన్నికల అధికారి బల్ల దగ్గరికి నడిచి, గెలుపు పత్రం కోసం చెయ్యి చాచాడు.

“మీరు కాదండీ, ఇది ఆడవాళ్లకు కేటాయించిన వార్డు,” అంటూ అధికారి ఆ పత్రాన్ని చాచిన చేతి మీదుగా దాటించి, గెలిచిన అభ్యర్థికి, ఆయన భార్య లోవలక్ష్మికి, అందించాడు.