కొమ్ములో బొటనవేలి ముద్ర

తెల్లారేసరికి మా ద్రాక్షతోట మీద మబ్బు దిగి కూర్చుంది. వసంతంలో నీళ్లలో కలిపి చల్లితే తోటకు బలమని శరత్తులో నాన్న పేడ కూరి పాతిన ఆవుకొమ్ములను అన్నయ్య ఎలోయ్ తవ్వి తీస్తున్నాడు. చలికాలంలో నాన్న పోయాడు.

"ఈ పేడ గోల ఈసారితో సరి. వచ్చే ఏడు మందులే కొడతా," అన్నాడు అన్నయ్య.

కొమ్ములో పేడ నల్లమట్టయింది. దాని మీద నాన్న బొటనవేలి ముద్ర, గోటి చీలికతో సహా, చెక్కుచెదరలేదు.

"చచ్చినా పని మానలేదు మీ నాన్న," అంది అమ్మ.

అన్నయ్య పార పక్కన పెట్టాడు. "ఇది నీళ్లలో కలపొద్దే అమ్మా. దాచుకుందాం."

"దాస్తే ఎండి రాలిపోతాడురా. తోటలో అయితే ఉంటాడు." అమ్మ ఆ ముద్రను తొట్టి నీళ్లలో చిదిపేసింది.

అన్నయ్య గంటసేపు కలియతిప్పి, సాళ్ల వెంట చల్లాడు. ఖాళీ కొమ్ములను మళ్లీ శరత్తుకని అటకెక్కించాడు.

ఆ సాయంత్రం ముగ్గురం చేతులు కడుక్కోకుండానే రొట్టె తుంచుకున్నాం.