నకలు వద్దన్న మనిషి

దుకాణదారు ఇచ్చిన చీటీని రికార్డు ఆఫీసు గుమాస్తా వెనక్కి తోశాడు.

"'పని' అన్న గడి ఖాళీగా ఉంది. ఎందుకొచ్చారో రాయాలి."

"మా మేనమామ సంగతి వెతకాలండీ. అరవై రెండేళ్ల కిందటి మాట. అంటురోగాల ఆసుపత్రి పుస్తకం కావాలి."

"పుస్తకం ఉంది. చదవగలరా? అంతా గొలుసుకట్టు రాత."

చదవలేడు. అతను అమ్మేది తాళాలు, గొళ్లేలు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసిన ఆ రాతను చదివేవాడు ఆ ఆఫీసులో ఒక్కడే మిగిలాడు.

"కట్టల తాతని అడగండి," అన్నాడు గుమాస్తా. "ఎప్పుడో రిటైరయ్యాడు. పొమ్మన్నా పోడు. బూజు దులిపే రోజున ఆయన్ని కూడా ఓసారి దులిపి మళ్లీ అక్కడే పెడతాం."

తాత కట్ట తెచ్చి బల్ల మీద వేశాడు. దుమ్ము లేచి దుకాణదారు తెల్లచొక్కా మీద పడింది.

"కళ్లు కనబడవా?"

"అక్షరాలు కనబడతాయి బాబూ. చొక్కాలే కనబడవు. ఎవరి పేరు చూడాలి?"

చెప్పాడు. ఊరు చెప్పాడు. తండ్రి పేరూ చెప్పాడు.

దారం విప్పుతున్న తాత చెయ్యి ముడి దగ్గరే ఆగిపోయింది.

"ఇన్నేళ్లకి ఎవరడుగుతున్నారు?"

"మా అమ్మ. మంచం మీదుంది. జ్వరం ముందు తనకే వచ్చిందట. వీపు మీద మోసుకు తిరిగినందుకు అన్నకీ అంటుకుందట. జనం ఊరు ఖాళీ చేస్తుంటే మావాళ్లూ తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి ఆసుపత్రిలో వదిలేసి పోయారు. 'మా అన్న ఉన్నాడో పోయాడో కనుక్కోరా' అని నా ప్రాణం తోడేస్తోంది."

"మీకూ అదే కావాలా?"

"నాకు పోయాడన్న కాగితం కావాలి. ఇంటి పత్రంలో ఆయన పేరు కూడా ఉంది. బతికుంటేనే తంటా. ఈ వయసులో వచ్చి నెత్తిన కూర్చుంటే ఎవడు మోస్తాడు?"

తాత పుట తెరిచాడు. వేలు పెట్టి చదివాడు. అక్కడున్నవి మూడే వరుసలు. చాలాసేపు చదివాడు.

"పోయాడనే ఉంది. మూడో రోజున."

"బతికించావు తాతా!" అన్నాడు దుకాణదారు.

వెంటనే నకలుకు దరఖాస్తు పెట్టాడు. ఆ గొలుసుకట్టును విడి అక్షరాల్లోకి తిరగరాసి, ముద్ర కొట్టి ఇస్తారు. నెల పడుతుంది.

"నకలెందుకు బాబూ? చదివి చెప్పాగా."

"నీ నోటిమాట పట్టుకుని పత్రంలో పేరు కొట్టేస్తారా?"

కబురు విని తల్లి ఏడవలేదు.

"నావల్లే," అంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట నుంచి ముద్ద ముట్టలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే తాత వాళ్ల గేటు ముందు నిలబడ్డాడు.

"దరఖాస్తులో చిరునామా చూసి వచ్చాను. నకలు వద్దని ఇక్కడో సంతకం పెట్టండి."

"ఎందుకు పెట్టాలి?"

"పాత పుస్తకం. ముట్టుకుంటే పొడైపోతోంది."

"అయితే అవనీ. నా కాగితం నాకు రావాలి."

తాత కదల్లేదు. సగం తెరిచిన తలుపులోంచి లోపలి మంచం వైపు చూస్తున్నాడు.

"అమ్మగారికెలా ఉంది?"

"ఉంది."

"ఒక్కసారి పలకరించి పోతాను."

"నువ్వేమన్నా చుట్టానివా?"

తాత గేటు ఊచ పట్టుకున్నాడు.

"కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

"వీధి చివర కుళాయి ఉంది."

లోపల్నుంచి తల్లి గొంతు సన్నగా వినిపించింది. "ఎవర్రా అది?"

"ఎవరూ కాదమ్మా. ఆఫీసు ముసలాడెవడో."

గేటుకు గొళ్లెం పెట్టాడు. తన కొట్లోదే. గట్టిది.

మరో నాలుగు రోజులకు తల్లి పోయింది.

నెల నిండాక నకలు కోసం వెళ్తే తాత బల్ల ఖాళీగా ఉంది.

"ఏడీ ముసలాడు?"

"పోయిన వారం పోయాడు," అన్నాడు గుమాస్తా. "కట్ట మీద తల వాల్చి ఉంటే కునుకనుకున్నాం. అయినవాళ్లెవరూ లేరు, మేమే సాగనంపాం. చావు కాగితం రాయబోతే అసలు పేరు ఒక్కడికీ తెలీదు. పాత జీతాల పుస్తకాలు తిరగెయ్యాల్సొచ్చింది."

"మరి నా నకలు?"

"ఆయన్నే రాయమన్నాం. రాయనన్నాడు. ఈ గదిలో ఆయన పని వద్దనడం అదే మొదలు, అదే చివర."

అప్పటిదాకా తాత దగ్గర ఆ రాత నేర్చుకుంటూ వచ్చిన ఆఫీసు అమ్మాయి కూడబలుక్కుని నకలు రాసింది. ముద్ర కొట్టి అందించింది. అతని మొహంలోకి చూడలేదు.

దుకాణదారు 'మరణం' అన్న మాట కోసం వెతికాడు. ఎక్కడా లేదు.

మొదటి వరుసలో మేనమామ పేరు, ఊరు, వయసు. కింది రెండు వరుసలూ వేలు పెట్టి చదివాడు.

'మూడవ దినమున జ్వరము తగ్గినది. నలుబది దినములు గేటు వద్ద కూర్చుండబెట్టినను తీసుకొనిపోవుటకు ఎవరును రానందున, బాలుని సర్కారు కచేరీ రికార్డు గదిలో కట్టలు మోయు పనికి అప్పగించడమైనది.'