పచ్చ డబ్బా

"కూలెంట్ రంగు జూసి కొనొద్దంటరు. నిజమేనా శేట్?"

నాందేడ్‌లో, దేగ్లూర్ నాకా చౌరస్తా దగ్గర నితీశ్‌ది బండ్ల స్పేర్ పార్టుల దుకాణం. అడిగిన ముసలాయన నెత్తిన తెల్లటోపీ, భుజాన తడి తువ్వాల.

"రంగుదేముంది తాతా, కంపెనీకొక రంగు. బండిని బట్టి కొనాలె. ఇయ్యాల ఏ బండికి?"

"పోయినసారి ట్రాక్టర్‌ది చెప్పినవు. ఇప్పుడు కొత్త జీపులది చెప్పు. లారీది గూడ."

ఈయన ఎండలు మొదలైన దగ్గర్నుంచి వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త బండి పేరు. వేడెక్కకుండా పాత ఇంజన్‌కు ఏ కూలెంట్ పోయాలి, కొత్తదానికి ఏది, ఒకదాంట్లో ఇంకొకటి కలిస్తే ఏమవుతుంది. అన్నీ వేళ్లు మడుచుకుంటూ గుర్తుపెట్టుకుంటాడు.

"నీకెన్ని బండ్లున్నయి తాతా?"

"నాకా? సైకిల్ గూడ లేదు."

"మరి నీకెందుకు గివన్ని?"

ముసలాయన చెప్పబోయాడు. నితీశ్ ఫోన్ మోగింది. ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

ముసలాయన ఆగాడు. డబ్బాల పైన గోడకున్న ఫోటోను చూస్తూ నిలబడ్డాడు.

"నీ కొడుకా?"

"ఆ. శుభం." ఫోన్ పెట్టేస్తూ అన్నాడు నితీశ్. "నా భార్యను పుట్టింటి నుంచి దవఖానకు తెచ్చేసరికి పానం మీదికొచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోదురన్నది డాక్టరమ్మ."

"సల్లగుండాలె." ముసలాయన ఫోటోకు దండం పెట్టాడు. తర్వాత బయటికి వెళ్లి, రోడ్డుకు అటువైపు ఖాళీ షట్టర్ నీడలో కాసేపు కూర్చున్నాడు.

పక్క బ్యాటరీల దుకాణం తుషార్ నవ్వాడు.

"ఇంక నేర్పు, మంచిగ నేర్పు. ఆ షట్టర్‌కు నిన్ననే సున్నమేసిన్రు, చూసినవా? కొడుకో అల్లుడో తోలుతుండు ముసలోన్ని. రేపు నీ ముంగటనే గిదే దుకాణం పెట్టి బోర్డు కడ్తరు. పూజకు కొబ్బరికాయ గూడ నీతోనే కొట్టిపిస్తరు."

నితీశ్ షట్టర్ వైపు చూశాడు. ఈ దుకాణం మీద బ్యాంకు అప్పుంది. ఇంట్లో అందరికన్నా మొదట డిగ్రీ చదివిన తనకు దొరికింది ఈ పనొక్కటే.

ముసలాయన తిరిగొచ్చాడు.

"కొత్త జీపులకు ఏది బిడ్డా?"

"పచ్చ డబ్బా తీస్కపో. అన్నిటికీ అదే."

"ఒకదాంట్ల ఒకటి కలిస్తే జిగురు గడ్తదని నువ్వే అంటివి?"

"అది పాతమాట. ఇప్పుడు అన్ని కంపెనీలోళ్లు ఒక్కటే చేస్తున్నరు."

ముసలాయన మడిచిన వేళ్లను చూసుకుని, మెల్లగా విప్పేశాడు.

"సదువుకున్నోనివి. నీకే ఎరుక."

పచ్చ డబ్బాలను గోనెసంచిలో వేసుకుని పోయాడు.

మళ్లీ రాలేదు.

ఎదురు షట్టర్‌లో చెప్పుల దుకాణం పెట్టారు. అది చూసిన రోజు నితీశ్ ముసలాయన కోసం రోడ్డు వైపు చూశాడు. గిరాకీల మధ్య మరిచిపోయాడు.

మరుసటి ఎండాకాలం, అత్తగారి ఊరు మర్ఖేల్‌లో మరదలి లగ్గం. భార్య సోనాలి, కొడుకుతో కలిసి బయల్దేరాడు. జీపు నడిపేది సోనాలి మేనమామ బాబురావ్.

దేగ్లూర్ దాటాక బానెట్‌లోంచి పొగలు. బాబురావ్ ఒక రేకుల షెడ్డు ముందు జీపు ఆపాడు.

"ఈ దారిల ఎప్పుడూ గిదే తిప్పలు. ముత్తన్న ఉన్నన్ని దినాలు ఫికర్ లేకుండె."

"ముత్తన్న ఎవరు మామా?"

"బండి ఆగితే నీళ్లు పట్టుకొని ఉరికొచ్చేటోడు. ఆయన భార్య నర్సవ్వను దవఖానకు తీస్కపోతుంటే, గిట్లనే పొగలొచ్చి ఆగిందట జీపు. నీళ్లు దొరికేసరికి ఆమె పోయింది. అప్పటిసంది షెడ్డేసుకొని గీడనే ఉండె."

నితీశ్ షెడ్డులోకి తొంగిచూశాడు. బోర్లించిన ఎండు కుండ. మేకుకు తెల్లటోపీ. మూలకు పచ్చ డబ్బాలు, మూత తీయనివి. వాటి మీద తన దుకాణం స్టిక్కర్.

"ఉత్త నీళ్లు పోస్తే ఇంజన్లు ఖరాబైతయని ఎవరో అన్నరట," బాబురావ్ చెబుతూనే ఉన్నాడు. "పాపం, ఏ బండికి ఏది పొయ్యాల్నో నేర్చుకుంటందుకు నాందేడ్ దాకా పోతుండె."

"ఇప్పుడేడి?"

"కాలం జేసిండు. ఎవరిదో కొత్త జీపుల పచ్చది పోసిండు. దినాలు గడిచినంక రేడియేటర్ల జిగురు గట్టి ఇంజన్ జామైంది. వాళ్లచ్చి నలుగురి ముంగట నానా మాటలన్నరు. ఇగ ఎవ్వల బండి ముట్టలే. తిండి గూడ సరిగ తినలే."

నితీశ్ డబ్బాల వైపు ఒకడుగు వేశాడు.

"అమ్మినోన్ని... ఏమనలేదా?"

"మేం అడిగినం. 'ఆ పిలగాడు సరిగనే చెప్పి ఉంటడు, నాకే ఇనబడలే' అన్నడు."

నితీశ్ వంగి, డబ్బాల స్టిక్కర్లు గోడవైపు ఉండేలా తిప్పాడు.

వెనక చప్పుడైంది. సోనాలి చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకుని, శుభంను ఆ ఎండు కుండ ముందు నేల మీద కూర్చోబెట్టింది.

"ఈడెందుకు కూసోబెడ్తున్నవు?"

"ఎన్నిసార్లు చెప్పిన, మీరే ఫోన్ల పడి ఇనకపోతిరి," అంది సోనాలి, కొడుకు రెండు చేతులూ దండానికి కలుపుతూ. "వీడు పుట్టిన దినం మా జీపు గీడనే ఆగింది, నీళ్లు ఏడా లేకుంటే ఆ తాత తను తాగే గీ కుండ ఎత్తి దాంట్ల పోసిండు."