లతీనాలో సముద్రం ఏ పక్క?

తలుపు తట్టారు.

గదిలో అందరూ టక్కున నోళ్లు మూసుకున్నారు. రత్నమణి రిమోట్ అందుకుని నొక్కింది. టీవీలో లతీనా ప్రత్యక్షమైంది.

లతీనా ఇటలీలో ఊరు. సముద్రానికి దగ్గర. ఒకప్పుడు మలేరియా దోమల చిత్తడినేలట. నీళ్లు తోడేసి, ముందే ప్లాను గీసుకుని కట్టేశారట. వంకర లేని వీధులు, నడిమధ్య చౌకు, గడియారం మేడ, ఫౌంటెన్. జెద్దాలో హెడ్‌నర్సు రత్నమణి కిందటి సెలవుల్లో ఆ ఊరు చూసొచ్చి, తోటివాళ్లకి సీడీ వేసి చూపిస్తోంది. ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మాట అదీ. శుక్రవారం శుక్రవారం అదే ఊరు, అదే గడియారం!

చుట్టరికం లేని ఆడా మగా ఒక గదిలో చేరారంటే చాలు, కొంప మునగడానికి. ఇది 2005 నాటి జెద్దా. కిందటేడు ఇలాగే దొరికిపోయిన ఆనందకుమార్‌ని కట్టుబట్టలతో విమానం ఎక్కించారు. ఈ గదిలో ఒక్కొక్కరి జీతం మీద ఊళ్లో ఒక్కో కుటుంబం బతుకుతోంది. అందరినీ పిలిచింది రత్నమణి. ఉద్యోగాలు పోతే ఆవిడ వల్లే పోతాయి. ఆ భయం ఆవిడకి ఎప్పుడూ ఉండేదే.

“తలుపు తియ్యి తమ్ముడూ. కంగారు పడకు,” అంది ఎక్స్‌రే టెక్నీషియన్ యిర్మీయాతో.

బిల్డింగు కాపలాకి కొత్తగా వచ్చిన హారిస్. ఈజిప్టువాడు. ద్వారానికి అడ్డంగా సరిపోయే మనిషి. పిలవకుండానే లోపలికొచ్చాడు.

“పాట వినిపించింది,” అన్నాడు, హిందీ ఇంగ్లీషు అరబ్బీ కలగలిపి.

“టీవీ. ఇటలీ పాట,” అన్నాడు యిర్మీయా. టీవీలో ఏ పాటా రావడం లేదు.

హారిస్ కళ్లు గదంతా తిరిగాయి. షాలిని తలమీద చున్నీ అలాగే ఉండిపోయింది. పక్కనున్న వీణ మోచేత్తో పొడిచింది. షాలిని గబుక్కున దించేసుకుంది. హారిస్ అది చూశాడు. మగాడు గదిలోకొస్తే ఆడవాళ్లు తల కప్పుకునే ఊరు కదా ఇది!

బల్ల మీద గ్లాసు తీసి వాసన చూశాడు.

“మందు కాదు, ద్రాక్షరసం,” అంది వీణ గబగబా.

“ఇంతమందికీ ఒకటే గ్లాసా?”

హారిస్ గ్లాసు జాగ్రత్తగా పెట్టిన చోటే పెట్టి, కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చున్నాడు.

“ఏ ఊరు?”

“లతీనా,” అంది రత్నమణి. “నేను చూసొచ్చాను. వీళ్లకి చూపిస్తున్నాను.”

“బాగుంది. సముద్రం ఏ పక్క?”

“తూర్పున,” అంది ఆవిడ తడుముకోకుండా. నమ్మకం కుదరాలని ఇంకాస్త కలిపింది. “పొద్దున్నే ఒడ్డుకెళ్తే నీళ్లలోంచి సూర్యుడు పైకి రావడం... ఎంత బాగుంటుందో!”

భీమిలి ఒడ్డున పుట్టినావిడ. సముద్రమంటే తూర్పే. ఏళ్లుగా జెద్దాలో సూర్యుడు నీళ్లలోకి దిగడమే చూస్తున్నా, బుద్ధి మాత్రం భీమిలిలోనే ఉండిపోయింది.

హారిస్ నెమ్మదిగా తల తిప్పి చూశాడు.

“లతీనాలో సముద్రం పడమర, సిస్టర్. నేను అక్కడి తోటల్లో రెండేళ్లు కూరగాయలు కోశాను. మీరు ఎప్పుడూ ఆ ఊరు వెళ్లలేదు.”

అబద్ధం ఆడటం కూడా చేతకాలేదే అని రత్నమణికి తన మీద తనకే ఒళ్లు మండింది.

హారిస్ లేచాడు. వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు. తలుపు తీసి వరండాకి అటూ ఇటూ చూశాడు. మళ్లీ మూసి లోపల గడియ పెట్టాడు. కిటికీ పరదా లాగాడు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి టీవీ ఆపేశాడు.

“అయిపోయాం మణక్కా,” అని షాలిని ఏడుపు లంకించుకుంది.

యిర్మీయా ముందుకు అడుగేశాడు. రత్నమణి చెయ్యి అడ్డం పెట్టి తనే ఎదురెళ్లింది.

“వీళ్లందరినీ పిలిచింది నేనే. వీళ్లకేటీ తెలీదు,” తెలుగులోనే వచ్చేసింది మాట. మళ్లీ కూడదీసుకుని ఇంగ్లీషులో అంది. “తీసుకెళ్తే నన్నొక్కదాన్నే తీసుకెళ్లు. పిల్లల్ని వదిలెయ్యి.”

హారిస్ ఆవిడ వంకే చూస్తూ చొక్కా చేతి గుండీ విప్పి, మణికట్టు మీద పచ్చబొట్టు పొడిపించుకున్న చిన్న సిలువ చూపించి, గొంతు తగ్గించి అడిగాడు: “ఏ కీర్తన దగ్గర ఆపారు, సిస్టర్?”