ఆసక్తి లేదు

కళ్లద్దాల షాపులో బేరం లేనప్పుడల్లా ఆమె ఫోన్ తీసి, తనకి వద్దనిపించిన ప్రతి వీడియో మీదా ‘ఆసక్తి లేదు’ అని నొక్కుతూ కూర్చునేది. మొదట్లో రోజుకి వంద దాకా వచ్చేవి. మూడు వారాలు నొక్కగా నొక్కగా ఫోన్ దారికొచ్చింది. ఇప్పుడు కుండీల్లో మొక్కలు, చీపురుతో ఊడ్చే గదులు, అంతే.

“నీదీ ఇలా ఇయ్యి, శుభ్రం చేసిస్తా,” అంది, వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న భర్తతో.

“నాది బాగానే ఉందిలే.”

“ఏం బాగు? పొద్దస్తమానం టింగుమంటూనే ఉంటుంది.”

మెషీన్ పక్కనున్న ఫోన్ తనే తీసుకుంది. తెర నిండా గిలక్కాయలు, పాలసీసాలు, బుల్లి మేజోళ్లు. అన్నిటికీ పైన ఒక సందేశం: ‘మీ పాపకి ఈ రోజుతో ఐదు నెలలు! బోర్లా పడుతోందా?’

ఆమె బొటనవేలు అలవాటుగా దాని మీదకి వెళ్లింది.

“ఉండనీ,” అన్నాడతను, మెషీన్ ఆపకుండానే. “పాప పోయిందని దానికొక్కదానికే తెలీదు.”

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“పోయిన నెల ఏమంది?”

“పైకి వినపడేలా నవ్వుతుందంది.”