కత్తి చేతికొచ్చాక

పార్కింగులో దొంగ కత్తి చూపించి హ్యాండ్‌బ్యాగు ఇమ్మనగానే కరాటే మాస్టారి భార్య కెవ్వుమంది. మాస్టారు మాత్రం బెదరలేదు. పక్కకు జరిగి, మణికట్టు మెలితిప్పి, రెప్పపాటులో కత్తి లాగేసుకున్నారు.

ఆ వెంటనే, రోజూ క్లాసులో మళ్లీ సాధన చెయ్యమని శిష్యులకు ఇచ్చినట్టే, పిడి అటు తిప్పి దొంగకే తిరిగిచ్చేశారు.

దొంగ బిత్తరపోయి మళ్లీ పొడవబోయాడు. మాస్టారు మళ్లీ లాక్కున్నారు. మళ్లీ ఇచ్చారు.

"మీకేమైనా మతిపోయిందా? వాడికే ఇస్తారేంటండీ!" అని అరిచింది భార్య.

కాసేపటికి దొంగ మణికట్టు బూరెలా వాచింది. "మీకు దణ్ణం పెడతాను సార్, ఈసారి మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు ఏడుపు గొంతుతో.

మాస్టారు భార్యకు వినబడకుండా గొణిగారు. "ఉంచుకుంటే ఆ తర్వాతేం చెయ్యాలో మా గురువుగారు చెప్పలేదు బాబూ. కానివ్వు, ఇంకోసారి రా."